డెమరేజ్ ఎవరు కట్టాలి: ఫ్రెంచి చమురు కాగితాలతో నా పని

ఆఫ్రికాలో చమురు తీసే దేశాల్లో చాలావాటి కాగితాలు ఫ్రెంచిలో ఉంటాయి. ఆ చమురు కొనేవాళ్ళు, మోసే ఓడలవాళ్ళు, అప్పులిచ్చే బ్యాంకులవాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషులో చదువుతారు. మధ్యలో కూర్చుని ఫ్రెంచి కాగితాన్ని ఇంగ్లీషులో పెట్టేవాళ్ళలో నేనొకదాన్ని. నెల్లూరు దర్గామిట్టలో ఇంట్లోనే నా పని. ముంబయి, చెన్నై ఏజెన్సీలు కాగితాలు పంపుతాయి. గాబన్ బడ్జెట్ నివేదిక, కాంగో-బ్రాజవిల్ ఒప్పందం, కామెరూన్ తీరంలో ఓడకెక్కిన సరుకు తాలూకు బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందిందని ఓడవాళ్ళిచ్చే రసీదు), అల్జీరియా టెండరు, ఏది ముందొస్తే అది.

మన జిల్లాల నుంచి హైదరాబాదుకో పాండిచ్చేరికో వెళ్ళి ఫ్రెంచి చదివిన పిల్లలు కొందరు ఈ పని గురించి అడుగుతున్నారు. ఫ్రెంచి వస్తే టీచరు ఉద్యోగం, లేకపోతే కాల్ సెంటర్, ఈ రెండే దారులని వాళ్ళకి చెప్పి పంపించారు. మూడో దారి ఒకటుంది, బాగానే ఉంది. కానీ దాన్ని నడవాలంటే భాష ఒక్కటీ చాలదు. చమురు వ్యాపారంలో ప్రతి మాట వెనకా ఎవరో ఒకరు కట్టాల్సిన డబ్బు ఉంటుంది. ఎవరు కడతారు, ఎవరికి, ఏ గంట నుంచి, ఏ కొలత మీద అన్నది తెలిసేదాకా నేను ఇంగ్లీషు మాట రాయను. ఈ అలవాటే నాకు అన్నం పెడుతోంది, అందుకే దాని గురించి వివరంగా రాస్తున్నాను.

ముందు తేలిక సంగతులు. ఫ్రెంచిలో పెత్రోల్ అంటే ముడిచమురు. బండిలో పోయించుకునే పెట్రోలు ఎసాన్స్. డీజిలును ఫ్రాన్సు ప్రభుత్వ కాగితాల్లో గాజోల్ అంటారు, ఆఫ్రికా కాగితాల్లో గాజ్వాల్ అనే ఎక్కువ కనిపిస్తుంది. విమానాలకు పోసేది కార్బ్యురెయాక్తర్. ఇవి ఏ నిఘంటువు తీసినా దొరుకుతాయి. అయితే కామెరూన్ నుంచి ఇళ్ళ ఖర్చుల సర్వే ఒకటి వచ్చిందనుకోండి, అందులో పెత్రోల్ పద్దు కింద ఉన్న ఖర్చు ముడిచమురుది అవదు కదా. అది దీపాల్లో, స్టవ్వుల్లో పోసే కిరసనాయిలు. దాని పూర్తి పేరు పెత్రోల్ లాంపాన్, అంటే దీపాల చమురు. వాడుకలో రెండో ముక్క రాలిపోయింది. ఇంట్లో ఎవరు కొన్నారు, దేనికి కొన్నారు అని అడిగితే ఆ సంగతి వెంటనే తేలుతుంది.

ఇంగ్లీషు వైపు కూడా ఒక్కటే మాట ఉండదు. చదివేది మన దేశపు ఆయిల్ కంపెనీ అయితే పెట్రోలును మోటార్ స్పిరిట్ అని, డీజిలును హై స్పీడ్ డీజిల్ అని రాయాలి. మన ప్రభుత్వ పట్టికల్లో ఎంఎస్, హెచ్‌ఎస్‌డీ, కిరసనాయిలుకి ఎస్‌కేఓ అనే ఉంటాయి. సింగపూర్ ట్రేడరు చదివేదయితే గ్యాసోలిన్, గ్యాసాయిల్. అందుకని ఏజెన్సీ ఫైలు పంపగానే నేను అడిగే మొదటి ప్రశ్న, దీన్ని ఎవరు చదువుతారు అని. చెప్పకపోతే మళ్ళీ అడుగుతాను. విసుక్కున్నా సరే.

ఇక ఆన్లెవ్‌మాన్ అనే మాట. మామూలు ఫ్రెంచి పేపర్లో దానర్థం మనిషిని ఎత్తుకుపోవడం. చమురు కాగితంలో మాత్రం, కొన్నవాడు రేవు దగ్గర తన వంతు సరుకును ఓడకెక్కించుకుని తీసుకుపోవడం. ఇంగ్లీషు వ్యాపారంలో దాన్ని లిఫ్టింగ్ అంటారు. మెషీన్ చేసిన అనువాదాన్ని సరిచూడమని పంపినప్పుడు లిఫ్టింగుల షెడ్యూలు కాస్తా కిడ్నాపుల షెడ్యూలుగా ఉండటం చూశాను. అలాంటి తప్పు ఎవరి కంటికైనా పడుతుంది, దిద్దుతారు. చూడ్డానికి సరిగ్గా ఉండి లోపల లెక్క తప్పే మాటలే భయపెడతాయి.

అలాంటి మాటల్లో నాకు బాగా పని పెట్టేది సురెస్తరీ. నిఘంటువులో డెమరేజ్ అని ఉంటుంది, అది సరైనదే. కానీ డెమరేజ్ అంటే ఏమిటో నాకు నేర్పింది నిఘంటువు కాదు, మా మేనమామ. ఆయన మద్రాసు హార్బరులో ఒక ఓడల ఏజెంటు దగ్గర పనిచేసి, 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక ఇటు వచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. నేనొక క్లాజు చదివి వినిపిస్తే ఆయన మధ్యలోనే ఆపేవాడు. "అమ్మణ్ణీ, ముందు ఆ ఓడ ఎవురి వల్ల ఆగిందో చూడు. డబ్బు లెక్క దాని ఎనకే వస్తాది."

ఆయన చెప్పిన లెక్క ఇది. ఓడ యజమాని ఓడను అద్దెకిచ్చేటప్పుడు సరుకు ఎక్కించడానికి, దించడానికి కలిపి కొంత సమయం ఇస్తాడు. చమురు ఓడలకు మామూలుగా అది 72 గంటలు. ఫ్రెంచిలో స్తారీ, ఇంగ్లీషులో లేటైమ్. ఓడ సిద్ధంగా ఉందని కెప్టెన్ నోటీసు ఇచ్చాక, ఒప్పందంలో రాసుకున్న పద్ధతి ప్రకారం గడియారం మొదలవుతుంది. ఆ గంటలు అయిపోయాక కూడా ఓడ అక్కడే ఉంటే, అద్దెకు తీసుకున్నవాడు రోజుకింత చొప్పున యజమానికి కట్టాలి. అదే సురెస్తరీ. ఒక్కసారి అది మొదలయిందంటే ఆదివారమైనా, పండగైనా, వానైనా లెక్క ఆగదు, ఆగుతుందని ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప. యజమానిని ఫ్రెంచిలో ఆర్మాతర్ అంటారు, అద్దెకు తీసుకున్నవాణ్ణి ఆఫ్రెతర్. కొత్తవాళ్ళు ఈ ఇద్దరినీ తారుమారు చేస్తారు. అక్కడితో డబ్బు దిశే మారిపోతుంది.

ఇంతవరకూ ఓడ ఒప్పందం. చమురు అమ్మకపు ఒప్పందం వేరే కాగితం, అందులోనూ సురెస్తరీ ఉంటుంది. కొన్నవాడు ఎఫ్‌ఓబీ మీద, అంటే ఓడకెక్కించేదాకే అమ్మినవాడి బాధ్యత అనే షరతు మీద, కొన్నాడంటే ఓడ తెచ్చుకునేది వాడే. ఎక్కించే టెర్మినల్ దగ్గర ఆలస్యం జరిగితే వాడు ముందు ఓడ యజమానికి డెమరేజ్ కట్టి, ఆ మొత్తాన్ని అమ్మినవాడి దగ్గర అడుగుతాడు. అంటే ఒకే మాట, రెండు కాగితాలు, రెండు వేర్వేరు జంటలు. ఒకదాంట్లో యజమాని, అద్దెదారు. ఇంకోదాంట్లో కొన్నవాడు, అమ్మినవాడు. మెయిళ్ళ కట్టలో ఇవన్నీ కలిసి వస్తాయి, ఎవరూ విడదీసి చెప్పరు. 'సురెస్తరీ ఖర్చు మాది కాదు' అని ఒకడు రాస్తే, ఏ ఒప్పందం కింద మాట్లాడుతున్నాడో తేల్చుకుని ఇంగ్లీషు వాక్యంలో అది కనిపించేలా రాయాలి. తేలకపోతే ఏజెన్సీకి రాసి అడగాలి. నా పనిలో సగం టైము ఈ అడగడానికే పోతుంది. అది వృథా అని నాకెప్పుడూ అనిపించలేదు.

ఓడ కాగితాల్లోనే ఇంకోటి, అవారీ కొమ్యూన్. ఇంగ్లీషులో జనరల్ ఏవరేజ్ అంటారు, సగటుతో దానికి ఏ సంబంధమూ లేదు. తుఫానులో ఓడనీ మిగతా సరుకునీ కాపాడటానికి కావాలనే కొంత సరుకు సముద్రంలో పారేస్తే, ఆ నష్టాన్ని ఓడ యజమానీ సరుకుదార్లందరూ తమ తమ విలువ ప్రకారం పంచుకునే పాత పద్ధతి అది. లెక్క యార్క్-ఆంట్వెర్ప్ నియమాల ప్రకారం వేస్తారు.

చమురు రకాల దగ్గరికొస్తే చాద్ దేశపు దోబా చమురు గురించి చెప్పాలి. దక్షిణ చాద్‌లోని దోబా నుంచి కామెరూన్ తీరంలోని క్రిబీ దాకా సుమారు 1,070 కిలోమీటర్ల పైపులైను ఉంది, 2003 నుంచి అందులో చమురు వస్తోంది. చాద్‌కి సముద్రం లేదు కాబట్టి అది తప్ప మార్గం లేదు. ఈ చమురు చిక్కన, బరువు. గంధకం చాలా తక్కువ, కానీ ఆమ్లగుణం ఎక్కువ. ఇక్కడే చిక్కు. ఫ్రెంచిలో 'బ్రూత్ ఆసీద్' అని రాసి ఉంటే దాన్ని ఇంగ్లీషులో సోర్ క్రూడ్ అని పెట్టేసేవాళ్ళున్నారు. ఇంగ్లీషు వ్యాపారంలో సోర్ అంటే గంధకం ఎక్కువున్న చమురు. దోబా దానికి పూర్తిగా ఎదురు. రిఫైనరీ ఇంజనీరు సోర్ అని చదివితే గంధకం తీసేసే యూనిట్ గురించి ఆలోచిస్తాడు. నిజానికి ఆలోచించాల్సింది పైపులను, డిస్టిలేషన్ గొట్టాలను ఆమ్లం తినేయడం గురించి. అందుకని అక్కడ ఎసిడిక్ క్రూడ్ అనీ, హై టాన్ (ఆమ్లపు అంకె ఎక్కువ) అనీ రాయాలి. అదే మాట గంధకం ఎక్కువున్న వేరే చమురు గురించి వాడి ఉంటే సోర్ అనే రాయాలి. కాగితం చివర ల్యాబ్ రిపోర్టు ఉంటుంది, అందులో గంధకం శాతం ఒక వరసలో, ఆమ్లపు అంకె ఇంకో వరసలో ఉంటాయి. నేను వాక్యం కంటే ముందు ఆ పట్టిక చదువుతాను. ఇంగ్లీషులో ఒక మాట మారితే బ్యారెల్ మీద తగ్గింపు మారుతుంది, ఆ తగ్గింపు చాద్ ఖజానాకు తగులుతుంది. చాద్ లాంటి బీద దేశానికి అది చిన్న విషయం కాదు.

కొలతల విషయంలో నెల్లూరులో పుట్టడం నాకు కలిసొచ్చింది. మా నాన్న రైసు మిల్లులో గుమాస్తా. ఇక్కడ వడ్ల ధర పుట్టిలో చెప్తారు, పుట్టి అంటే 850 కిలోలు. పైకి గుంటూరు, కృష్ణా వైపు పోతే 75 కిలోల బస్తా లెక్క. పేపర్లో ధర చూడగానే ఏ కొలత మీద అని అడగడం మా ఇంట్లో అందరికీ అలవాటు. చమురులోనూ అంతే. ఫ్రెంచి నివేదికల్లో ఉత్పత్తి చాలాసార్లు టన్నుల్లో ఉంటుంది, ధర మాత్రం బ్యారెల్‌కి డాలర్లలో. బ్యారెల్ అంటే 159 లీటర్లు, అది ఘనపరిమాణం. టన్ను బరువు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చాలంటే ఆ చమురు ఎంత తేలికో తెలియాలి. అల్జీరియా సహారా చమురు చాలా తేలిక, టన్నుకి సుమారు 7.8 బ్యారెళ్ళు వస్తాయి. దోబా లాంటి బరువు చమురు 6.8 దగ్గర ఆగుతుంది. సగటున 7.3 అని ఒక అంకె పట్టుకుని అన్నిటికీ గుణించేవాళ్ళుంటారు. లక్ష టన్నుల సరుకులో ఆ రెండు చమురుల మధ్య సుమారు లక్ష బ్యారెళ్ళ తేడా వస్తుంది. కాబట్టి కొలత మార్చమని ఎవరైనా అడిగితే సాంద్రత ఎంతో ముందు చెప్పమంటాను.

అంకెలు రాసే తీరు కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. మనం దశాంశ బిందువు పెట్టేచోట ఫ్రెంచివాళ్ళు కామా పెడతారు. మనం వేలకి కామా పెట్టేచోట వాళ్ళు ఖాళీ వదులుతారు. ఒకటి, కామా, రెండు వందల యాభై అని ఉంటే అది వెయ్యిన్నీ రెండొందల యాభై కాదు, ఒకటింబావు. మిలియార్ అంటే మన 100 కోట్లు. ఫ్రెంచి బిలియన్ అంటే లక్ష కోట్లు, ఇంగ్లీషు బిలియన్ అంటే 100 కోట్లు. ఈ రెండూ కలిస్తే ఒక దేశపు అప్పు వెయ్యి రెట్లు పెరగొచ్చు, తగ్గొచ్చు. మధ్య ఆఫ్రికాలో కామెరూన్, చాద్, కాంగో, గాబన్, ఈక్వటోరియల్ గినీ, సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్, ఈ ఆరు దేశాలకూ ఒకే కరెన్సీ, ఒకే కేంద్ర బ్యాంకు. వాళ్ళ ఫ్రాంకు యూరోకి 655.957 చొప్పున కట్టివేసి ఉంది. ఒక మిలియార్ ఫ్రాంకులంటే 15 లక్షల యూరోలు దాటుతుందంతే. అంకె పెద్దగా కనిపిస్తుంది కానీ ఓడెడు చమురు విలువలో చాలా చిన్న భాగం. దీన్ని మనసులో పెట్టుకుంటే ఎక్కడైనా సున్నా జారిపోయినప్పుడు కన్ను అక్కడ ఆగుతుంది.

బడ్జెట్ కాగితాల భాష నాకు చాలా ఇష్టం. బ్రూత్ అన్న ఒక్క మాటే చూడండి. పెత్రోల్ పక్కన ఉంటే ముడి. రాబడి పక్కన ఉంటే స్థూల. ఎగ్జెర్సీస్ అంటే వ్యాయామం కాదు, ఆర్థిక సంవత్సరం. షిఫ్ర్ దఫెర్ అంటే టర్నోవరు, లాభం కాదు. 'ఓర్ పెత్రోల్' అని ఒక మాట ఈ దేశాల నివేదికల నిండా ఉంటుంది, చమురు తీసేసి చూస్తే అని దాని భావం. చమురు తీసేసి చూస్తే జీడీపీ ఎంత పెరిగింది, చమురు తీసేసి చూస్తే లోటు ఎంత. ఇంగ్లీషులో నాన్-ఆయిల్ అని చిన్న మాటే, కానీ ఆ దేశం అసలు పరిస్థితి అక్కడే తెలుస్తుంది.

లోటును చూపించడానికి వాళ్ళకి రెండు పద్ధతులున్నాయి. ఒకటి 'బాజ్ ఆంగాజ్‌మాన్', ఖర్చు చేస్తామని ప్రభుత్వం ఒప్పుకున్న రోజే లెక్కలో పడుతుంది. రెండోది 'బాజ్ కేస్', చేతి నుంచి డబ్బు పోయిన రోజే లెక్క. కాంట్రాక్టరుకి బిల్లు పాసయి డబ్బు అందకపోతే మొదటి లెక్కలో ఖర్చు కనిపిస్తుంది, రెండో లెక్కలో కనిపించదు. మధ్యలో మిగిలిపోయింది బకాయి. బిల్లు పాసయ్యి చేతికి రాని డబ్బు గురించి మన ఊళ్ళలో చిన్న కాంట్రాక్టర్లకి నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో కమిట్‌మెంట్ బేసిస్, క్యాష్ బేసిస్ అంటారు. కొందరు అనువాదకులు ఇది అకౌంట్ల సొద అనుకుని వదిలేస్తారు. వదిలేస్తే బకాయిల సంగతి మొత్తం మాయమవుతుంది, ఎవరికి డబ్బు రావాలో వాళ్ళు కూడా మాయమవుతారు.

కాంగో ఒప్పందాల్లో ఒక విచిత్రం ఉంది. ఫ్రెంచి వాక్యం మధ్యలో కాస్ట్ ఆయిల్, ప్రాఫిట్ ఆయిల్, కాస్ట్ స్టాప్ అని ఇంగ్లీషు మాటలు అలాగే ఉంటాయి. కంపెనీ పెట్టిన ఖర్చును రాబట్టుకోవడానికి తీసుకునే చమురు మొదటిది. దానికి పెట్టిన గరిష్ఠ పరిమితి కాస్ట్ స్టాప్. మిగిలింది ప్రభుత్వం, కంపెనీ పంచుకునే ప్రాఫిట్ ఆయిల్. వీటన్నిటికంటే ముందు రదవాన్స్ ఉంటుంది, అంటే రాయల్టీ. కంపెనీకి లాభం వచ్చినా రాకపోయినా తీసిన చమురు మీద ప్రభుత్వానికి చెందాల్సింది అది. మన కృష్ణా-గోదావరి బేసిన్ పాత ఒప్పందాల్లో కాస్ట్ పెట్రోలియం, ప్రాఫిట్ పెట్రోలియం అన్నారు. మన దేశపు పాఠకుడికి రాస్తున్నా సరే, కాంగో మాటను మార్చను. ఒప్పందంలో ఉన్నది అదే, రేపు గొడవ వస్తే ఆ మాటే చూస్తారు. కావాలంటే మొదటిసారి వచ్చినచోట మన మాట ఇదీ అని ఒక వివరణ పెడతాను.

ఫ్రాన్సులో మాత్రం ఇంగ్లీషు మాటలకి బదులు ఫ్రెంచి మాటలు పెట్టడానికి ప్రభుత్వమే ఒక కమిషన్ నడుపుతోంది. ఆమోదించిన మాటలు అధికారిక గెజెట్‌లో వస్తాయి, ఫ్రాన్స్‌తెర్మ్ అనే సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు. ప్రభుత్వ కాగితాల్లో ఫ్రెంచి వాడాలని 1994లో చట్టమే చేశారు. ఆ శ్రద్ధ అంటే నాకు గౌరవం. చమురు పైపులైనుకి ఓలెయోదూక్, గ్యాసు పైపులైనుకి గాజోదూక్ అని వాళ్ళ మాటలు చక్కగా వేరువేరుగా ఉంటాయి, ఇంగ్లీషులో పైపులైన్ అని ఊరుకుంటే ఏది పారుతుందో తెలియదు. చమురు వెలికితీతను ఎగువ అని, శుద్ధి చేసి అమ్మడాన్ని దిగువ అని అంటారు. ఆ రెండు మాటలూ తెలుగులో కూడా హాయిగా సరిపోతాయి, పెన్న ఒడ్డున ఉన్నవాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఒప్పందాల చివర ఒక వాక్యం ఉంటుంది, ఫ్రెంచి ప్రతికే విలువ అని. అంటే నా ఇంగ్లీషు ప్రతి సమాచారం కోసమే, కోర్టులో నిలబడదు. ఆ వాక్యం చూసి, మన ప్రతిలో కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదులే అనే ఏజెన్సీ మేనేజర్లు నాకు తగిలారు. నేను ఒప్పుకోలేదు. సంతకం పెట్టేవాడు చదివేది ఇంగ్లీషు ప్రతినే. నమ్మి చదివేవాడికి తప్పు లెక్క ఇవ్వడం అన్యాయం.

ఈ పని ఎక్కడో ఆఫ్రికాకి సంబంధించింది, మనకెందుకు అని కూడా అడుగుతుంటారు. రామాయపట్నం దగ్గర రిఫైనరీ పెట్టడానికి భారత్ పెట్రోలియం పూనుకుంది. రిఫైనరీ వస్తే దానికి చమురు ఏదో ఒక రేవు నుంచి రావాలి, చమురుతోపాటు కాగితాలు కూడా వస్తాయి. కావలి, కందుకూరు, ఒంగోలు పిల్లలు వాటిని చదవగలిగితే నాకు చాలా సంతోషం.

మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. కాంగో, చాద్ లాంటి దేశాల మీద అంతర్జాతీయ ద్రవ్యనిధి ఇచ్చే వార్షిక నివేదికలు ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, బడ్జెట్ మాటలు అక్కడే వచ్చేస్తాయి. ఆ తర్వాత ఆ దేశాల ఈఐటీఐ నివేదికలు తీయండి. గనులు, చమురు రాబడిలో పారదర్శకత కోసం పెట్టిన అంతర్జాతీయ ఏర్పాటు అది, ఫ్రెంచిలో ఐటీఐఈ అంటారు. గనులు, చమురు కంపెనీలు ప్రభుత్వానికి కట్టిన ముఖ్యమైన పద్దులు అందులో పట్టికగా ఉంటాయి. రాయల్టీ ఇంత, సంతకం బోనస్ ఇంత, కస్టమ్స్ సుంకం ఇంత అని. అందులో ఒక్క పట్టిక తీసుకుని, వరసవారీగా ఎవరు ఎవరికి దేనికోసం కట్టారో ముందు తెలుగులో రాసుకోండి. రాయలేకపోయిన వరస దగ్గర గుర్తు పెట్టుకోండి, వెళ్ళి నేర్చుకోవాల్సింది ఆ వరస గురించే. అన్ని వరసలూ తెలుగులో తేలాక ఇంగ్లీషు మొదలుపెట్టండి.